రౌండుకో గ్లాసు

పార్కు ఎదురిల్లు, పెరటి గది
మార్చి 6

జిరాఫీకి,

ఈ ఉదయం నాన్న బూట్ల తాళ్లు కట్టుకుంటుంటే ఆయన అరచేతులు చూశాను. నిండా చిన్న చిన్న గట్టి పొక్కులు. చర్మం కింద మిరియాలు పోసి కుట్టేసినట్టున్నాయి. ఏమిటవి అంటే "చప్పట్ల వల్ల" అన్నారు. వాకింగ్ క్లబ్బులో ఆఖరి రౌండయ్యాక అందరూ వంద చప్పట్లు కొడతారు, రక్తం పరుగులు తీస్తుందని. ఆ పొక్కుల్ని పతకాల్లా నా ముఖం ముందు పెట్టి చూపించారు.

ఫోన్ చెయ్యనందుకు తిట్టకు. చేతిలో ఫోనుంటే నా నోట్లో నాలుక ఉండదని నీకు తెలుసు. కాన్వెంటులో ఉదయం ప్రార్థన నా వంతు వచ్చినప్పుడల్లా వెనక వరసలోంచి గొంతు మార్చి నువ్వే చదివేదానివి. సిస్టర్‌కి తెలియదనుకున్నాం. తెలిసే ఊరుకున్నారేమో.

నాకు ఉద్యోగం వచ్చింది. పార్కు పక్కనే కొత్తగా పెట్టిన షుగర్ క్లినిక్కులో రికార్డుల గుమాస్తా. పొద్దున్నే పరగడుపున వచ్చినవాళ్ల వేలు నర్సు గుచ్చి అంకె చెబుతుంది, నేను రాస్తాను. మాట్లాడే పని లేదు. పేర్లు రాయకూడదని డాక్టరుగారి నియమం. అందుకని క్లబ్బులో నాన్న ఇచ్చిన రోల్ నంబర్లే ఇక్కడా వాడతాం. రిటైరైనా డ్రిల్లు మాస్టారు డ్రిల్లు మాస్టారే కదా, నంబరు లేని మనిషి ఆయన కంటికి ఆనడు. ఒకటో నంబరు ఆయన. ఆఖరిదైన నలభై, మేడమీద గదిలో వాచీలు బాగుచేసుకునే మా బాబాయిది. బాబాయి ఒక్కరోజూ పార్కు గడప తొక్కలేదు. సిగ్గు తెచ్చుకుంటాడని ఇచ్చారు. బాబాయి నంబరు తీసుకున్నాడు, సిగ్గు తీసుకోలేదు.

క్లబ్బులో నియమం ఒక్కటే. ఒక రౌండు, ఒక గ్లాసు. రౌండు పూర్తవగానే పార్కు మూలనున్న కుళాయి దగ్గర చిన్న స్టీలు గ్లాసుడు నీళ్లు తాగాలి. తాగని రౌండు నడిచినట్టు కాదు. ఆ కుళాయి కోసం ఏడేళ్ల కిందట నాన్న నలభై అర్జీలు పెట్టి బోరు వేయించారు. పక్కన రాతి పలక మీద ఆయన పేరుంది. అమ్మ పోయాక ఆయన నవ్వడం నేను చూసింది ఆ పలక మీది గుడ్డ లాగినరోజే.

చిత్రమేమిటంటే, ఇంత నడుస్తున్నా అందరికీ షుగరే. పరగడుపున వందలోపుంటే మంచిదట. నాన్న ఇరవై నాలుగు రౌండ్లు, 181. తొమ్మిదో నంబరు పోస్ట్‌మాన్ తాతగారు ఇరవై రౌండ్లు, 174. నాలుగో నంబరు టైలరుగారి భార్య పద్దెనిమిది, 163. వరస చివర నడిచే పదిహేడో నంబరు పన్నెండు రౌండ్లు, 139. గోడమీది పోస్టరు చూపించి డాక్టరుగారు అందరికీ ఒకటే చెబుతారు: "తీపి మానండి, ఇంకా నడవండి." పోస్టరు మీద "తీపి నాలుక, చేదు బతుకు" అని ఉంటుంది. పదిహేడుని మాత్రం "నిజం చెప్పమ్మా, దిండు కింద చాక్లెట్లు దాచుకుంటావు కదూ?" అని అందరి ముందూ అడిగారు. ఆమె నేల చూసింది. దాన్ని ఆయన ఒప్పుకోలు కింద రాసుకున్నారు.

నీ ల్యాబు సంగతులు రాయి.

పురుగు


నీళ్ల ల్యాబు, మూడో అంతస్తు (లిఫ్టు పనిచెయ్యదు)
మార్చి 17

పుస్తకాల పురుగుకి,

ఒసేయ్, ఏడాది తర్వాత ఉత్తరం రాసి అందులో నలభై మంది షుగర్లు పంపుతావా? నేను నీకు స్నేహితురాలినా, హెడ్ గుమాస్తానా?

నా సంగతులు రెండే. పొద్దున్న సీసాలు కడుగుతాను, సాయంత్రం సీసాలు కడుగుతాను. మధ్యలో వాటిలో ఏముందో చూస్తాను. పెళ్లిసంబంధాలవాళ్లు "అమ్మాయి ఏం చేస్తుంది" అంటే మా అమ్మ "నీళ్లు పరీక్షిస్తుంది" అంటుంది. వాళ్లకి అది చెరువు గట్టున కూర్చునే ఉద్యోగంలా వినిపిస్తుంది. ఎత్తు సంగతి తెలిశాక ఎలాగూ లేచిపోతారనుకో.

సరే, నవ్వులాట ఆపుతా. చప్పట్లకి అలాంటి పొక్కులు రావే. వస్తే సభల్లో ముందు వరసలో కూర్చునేవాళ్ల చేతులన్నీ పనసకాయల్లా ఉండాలి. మీ నాన్నగారికి ఒక్కరికేనా, మిగతావాళ్లకీ ఉన్నాయా? అరికాళ్లు చూడు. ఒంటిమీద అక్కడక్కడ నల్లగా, తెల్లగా చుక్కలున్నాయేమో చూడు. ఎక్కువ నడిచేవాళ్లకే ఎక్కువ షుగరన్నావు, అంటే ఎక్కువ తాగేవాళ్లకే ఎక్కువని కూడా అర్థం కదా?

ఆ కుళాయి నీళ్లు శుభ్రమైన సీసాలో పట్టి నాకు పంపు. ఇంతకీ నువ్వేం తాగుతున్నావే?

జిరాఫీ


క్లినిక్కు, రికార్డుల బల్ల
ఏప్రిల్ 2

జిరాఫీకి,

నీళ్లు పంపుతున్నాను. విడిగా పార్సిలొస్తుంది.

నువ్వు చెప్పినట్టు చూశాను. చూడటమంటే, చేతులు చాపమని అడిగే ధైర్యం లేక, నర్సుకి వేలు ఇచ్చేటప్పుడు చూశాను. పోస్ట్‌మాన్ తాతగారికి ఉన్నాయి. టైలరుగారి భార్యకి ఉన్నాయి, సూదికి వేలు అడ్డం పెట్టక్కర్లేకుండా పోయిందని ఆవిడ సంతోషిస్తోంది. మొత్తం పదకొండు మందికి. బాబాయి చేతులు మాత్రం చంటిపిల్లల చేతుల్లా ఉన్నాయి.

కుళాయికి పరీక్ష లేదనుకోకు. నెలకోసారి నీళ్ల ఇన్‌స్పెక్టరుగారు వస్తారు. ఆయన దగ్గర ఒక ఫారం ఉంటుంది. అందులో మూడు గడులు: రంగు, వాసన, రుచి. గ్లాసు ఎత్తి సూర్యుడికేసి చూస్తారు, "రంగు: లేదు". ముక్కు దగ్గర పెట్టుకుంటారు, "వాసన: లేదు". గటగటా తాగి, మీసం తుడుచుకుని "రుచి: బాగుంది" అని రాసి సంతకం పెడతారు. ఏడేళ్లలో ఒక్క నెలా తప్పలేదు. నిన్న మూడు గ్లాసులు తాగారు. ఈ మధ్య దాహం ఎక్కువవుతోందట, రాత్రుళ్లు కూడా లేవాల్సి వస్తోందట. ఎండలన్నారు.

నాన్నకి ఈ నెల 189. పిల్లాడు పరీక్ష తప్పినట్టు తల దించుకుని ఇంటికొచ్చారు. మర్నాటినుంచి నాలుగు రౌండ్లు పెంచారు. క్లబ్బులో ఎక్కువ రౌండ్లు నడిచినవాళ్లకి షీల్డు కూడా పెట్టారు. అందరూ పోటీపడి తాగుతున్నారు.

సీసా గురించి చింతపడకు. నీకు పంపేదని జాగ్రత్త తీసుకున్నాను. మూడు మడతల గుడ్డలో వడకట్టి, పావుగంటసేపు మరిగించి, చల్లార్చి పోశాను. ఎంత స్నేహమైనా మనిషికి పచ్చినీళ్లు పంపడం మర్యాద కాదనిపించింది.

పురుగు


నీళ్ల ల్యాబు
ఏప్రిల్ 11

ఓసి నా బంగారు పురుగూ,

నేను తాగడానికి అడిగానా నిన్ను? పరీక్షకి అడిగానే, పరీక్షకి! నేరస్థుణ్ణి పట్టుకు రమ్మంటే స్నానం చేయించి, క్రాపు దువ్వి, ఇస్త్రీ చొక్కా తొడిగి పంపిన పోలీసు నువ్వొక్కదానివే. నీ ఉత్తరం మా ల్యాబులో పైకి చదివాను. మా సీనియర్ గారు కుర్చీలోంచి జారిపోయారు. పాతికేళ్లలో మర్యాద పాటించిన శాంపిల్ ఇదే మొదటిదట.

ఇప్పుడు విను. ప్రత్యేకం సీసాలు పంపుతున్నాను, మూడు. లోపల చుక్క మందు వేసి ఉంటుంది, కడగొద్దు. కడగొద్దన్నాను! కుళాయి అయిదు నిమిషాలు వదిలి, నేరుగా పట్టు. వడకట్టకు, మరిగించకు, దిష్టి తియ్యకు. ఒకటి పార్కు కుళాయిది. రెండోది కింది వీధిలో చెరువు నీళ్ల పైపు ఉందన్నావు ఎప్పుడో, దానిది. మూడోది మీ బాబాయి తాగేవి ఏవో అవి. ఆ చంటిపిల్లల చేతుల రహస్యం నాకు కావాలి.

ఇన్‌స్పెక్టరుగారిని కూడా మీ నర్సుచేత వేలు గుచ్చించు. అవి ఎండలు కావు.

నా ప్రశ్నకి జవాబు రాయలేదు. నువ్వేం తాగుతున్నావు?

జిరాఫీ


పార్కు ఎదురిల్లు, పెరటి గది
మే 3

జిరాఫీకి,

మూడు సీసాలూ పంపాను. కడగలేదు. చేతులు లాగాయి, కానీ కడగలేదు.

బాబాయి తాగేది వాన నీళ్లు. మేడమీద ఆయన గది పక్కనే తొట్టి ఉంది, మూతా జల్లెడా ఉన్నాయి. పార్కు కుళాయి నీళ్లు డబ్బాలతో నాన్న ఇంటికి మోస్తారు, కానీ వాటికోసం కిందికి దిగాలి. బాబాయి దిగడు. పద్నాలుగు మెట్లు. "కదిలేవన్నీ చివరికి రిపేరుకొస్తాయమ్మాయ్. ముప్పై ఏళ్లుగా చూస్తున్నా" అంటాడు.

మొన్న నాన్న పట్టుబట్టి ఆయన్ని క్లినిక్కుకి తీసుకొచ్చారు. తీసుకురావడమంటే కుర్చీతో సహా రిక్షాలో. నలుగురి ముందూ బుద్ధి వస్తుందని ఉద్దేశం. డాక్టరుగారు పోస్టరు ముందుగానే సిద్ధంగా చేతిలోకి తీసుకున్నారు.

"రోజూ ఏం తింటారు?"

"పొద్దున్న బిస్కెట్లు. మధ్యాహ్నం భోజనం, తర్వాత కేకు ముక్క. సాయంత్రం మళ్లీ బిస్కెట్లు. నిద్రపోయేముందు ఒక చాక్లెట్టు, లేకపోతే నిద్ర రాదండి."

"నడక?"

"కుర్చీ నుంచి మంచానికి. వెళ్లేటప్పుడు మాత్రమే. వచ్చేటప్పుడు తప్పదు కాబట్టి అది లెక్కలోకి రాదు."

నర్సు వేలు గుచ్చింది. 92. డాక్టరుగారు మిషన్ తప్పన్నారు. రెండో మిషన్‌లో 91. మూడోసారి వేరే వేలు. 92. డాక్టరుగారు పోస్టరు గోడకి తగిలించి, బాబాయి చెవిలో చెప్పారు, నా బల్లకి వినిపించింది: "ఈ అంకె ఎవరికీ చెప్పకండి. ఊళ్లో క్రమశిక్షణ పాడవుతుంది."

నాన్న ఆ రోజు అన్నం తినలేదు. తమ్ముడికి షుగర్ లేదని బాధపడే అన్నగారిని నేను ఏ పుస్తకంలోనూ చదవలేదు. బాధ అది కాదని తర్వాత తెలిసింది. వరండాలో చీకట్లో కూర్చుని ఎడంకాలి బొటనవేలు నొక్కి చూసుకుంటున్నారు. స్పర్శ తెలియడం లేదట, రెండు నెలలుగా. "ఎవరికీ చెప్పకు. కెప్టెన్ కుంటితే వరస చెదిరిపోతుంది" అన్నారు. నీకు చెబుతున్నాను.

పురుగు


నీళ్ల ల్యాబు
మే 24

పురుగూ,

ఈ ఉత్తరంలో హాస్యం వెతక్కు. ల్యాబు ముద్ర వేసిన రిపోర్టు జతచేశాను.

మీ పార్కు కుళాయి నీళ్లలో ఆర్సెనిక్ ఉంది. పాషాణం అంటారే, అదే. లీటరుకి పది మైక్రోగ్రాములు దాటకూడదు. మీది తొంభై ఆరు. కింది వీధి చెరువు పైపు రెండు. బాబాయిగారి తొట్టిలో ఏమీ లేదు, ఒక చీమ తప్ప. నీ మర్యాద సీసా కూడా పెట్టి చూశాను, నూట పద్దెనిమిది. మరిగిస్తే ఆర్సెనిక్ పోదే, నీళ్లే ఆవిరై అది ఇంకా చిక్కబడుతుంది.

ఎవరూ కలిపింది కాదు. కొన్నిచోట్ల భూమి లోపలి రాళ్లలో ఉండి బోరు నీళ్లలోకి దిగుతుంది. రంగుండదు, వాసనుండదు, రుచి ఉండదు. మీ ఇన్‌స్పెక్టరుగారు ఏడేళ్లుగా నిజమే రాస్తున్నారు.

చేతుల పొక్కులు దీని గుర్తే. ఏళ్ల తరబడి తాగినవాళ్లకి షుగర్ వచ్చే ప్రమాదం కూడా పెరుగుతుందని చాలాచోట్ల చేసిన పరిశోధనల్లో తేలింది. ఫలానా మనిషి షుగర్ ఈ నీళ్లవల్లే అని మాత్రం ఎవరూ సంతకం పెట్టలేరు. వయసుంటుంది, వంశముంటుంది. కానీ కుళాయి కట్టెయ్యడానికి షుగర్ రుజువు కానక్కర్లేదు. తొంభై ఆరు చాలు.

మందులు ఎవరూ మానొద్దు. నడక కూడా మానొద్దు, నడక ఏ పాపం చెయ్యలేదు. ఆ గ్లాసు మానాలి. మీ నాన్నగారి కాలు వెంటనే పెద్ద డాక్టరుకి చూపించు. ఆ పదిహేడో నంబరు ఎవరో గానీ, దిండు కింద చాక్లెట్లు లేవని నేను నమ్ముతున్నానని చెప్పు.

మూడోసారి అడుగుతున్నాను. నువ్వేం తాగుతున్నావే?

జిరాఫీ


క్లినిక్కు, రికార్డుల బల్ల
జూన్ 9

జిరాఫీకి,

నీ రిపోర్టు మూడుచోట్లకి తీసుకెళ్లాను. చెప్పాలనుకున్నది ముందే కాగితం మీద రాసుకున్నాను.

మొదట డాక్టరుగారు. చదివి, కళ్లజోడు తీసి, నాకేసి జాలిగా చూశారు. "షుగర్ తీపి వల్ల వస్తుందమ్మా. నీళ్లలో తీపి ఉందా?" లేదన్నాను. "మరి?" అన్నారు. నేను నీళ్లు నమిలాను. కాగితం తిరగేస్తుంటే వెనకనున్న పేషెంటు లోపలికొచ్చేశాడు.

తర్వాత ఇన్‌స్పెక్టరుగారు. ఆయన మంచివాడు. రిపోర్టు రెండుసార్లు చదివారు, తన ఫారం బయటికి తీశారు, రెండూ పక్కపక్కన పెట్టుకున్నారు. "ఇది ఏ గడిలో రాయమంటారమ్మా? రంగులోనా, వాసనలోనా, రుచిలోనా?" కొత్త గడి కావాలంటే పై ఆఫీసు ఫారం మార్చాలి. ఫారం మార్చమని అడగడానికి వేరే ఫారం ఉంది. అది అయిపోయింది. ఇదంతా చెబుతూ రెండు గ్లాసులు తాగారు. నర్సు దగ్గరికి రమ్మని బతిమాలితే వచ్చారు. 233. "భోజనం చేసి వచ్చానుగా" అన్నారు. పరగడుపున రమ్మన్నాను. రాలేదు.

ఆఖర్న నాన్న. ఆయనకి రిపోర్టు ఇవ్వలేదు, నోటితోనే చెప్పాను. సగం చెప్పాను. కుళాయి అనగానే ఆయన ముఖం ఎలా అయిందంటే, ఇంక మిగతా సగం రాలేదు.

"నలభై అర్జీలమ్మా" అన్నారు. "ఈ పార్కులో అంతకుముందు మనుషులు నడుస్తూ సొమ్మసిల్లేవారు. మంచి చేశానంటే ఈ జన్మకి అదొక్కటే. ఆ నీళ్లలో విషముందని నా కూతురే చెప్పాలా?"

తర్వాత పార్కుకెళ్లి, కిటికీలోంచి నాకు కనిపించేలా, వరసగా రెండు గ్లాసులు ఎక్కువ తాగారు. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్లని ఆయన ఎప్పుడూ అనలేదు. మనం లెక్కపెడితే మాత్రం ఒప్పుకోరు. ఈ నెల 207. పెద్ద డాక్టరు దగ్గరికి షీల్డు ఇచ్చేరోజు అయ్యాక వస్తానన్నారు.

నాకు చేతకాలేదు. నీలాంటివాళ్లు చెప్పాల్సిన మాట నా చేతిలో పడింది.

పురుగు


నీళ్ల ల్యాబు
జూన్ 18

పురుగూ,

ఏడ్చింది చాలు, ముక్కు తుడుచుకో.

మీ ఇంటికి సెలవులకి వచ్చినప్పుడు ఒకటి గమనించాను. మీ నాన్నగారి చేతికి ఏ కాగితం ఇచ్చినా పైకి చదువుతారు, మైదానం చివరికి వినపడేలా. దగ్గుమందు సీసా మీద "బాగా కలిపి వాడవలెను" అని చదివితే మేడమీంచి మీ బాబాయి "సరే అన్నయ్యా, కలిపేశా" అన్నాడు. గుర్తుందా? మొదలుపెడితే ఆఖరి గీత దాకా ఆగరు. అది ఆయన వ్రతం.

నీకు గొంతు లేకపోతే ఏం? మీ ఇంట్లోనే ఒకటుంది కదా.

ఇదివరకు నేను నీ బదులు ప్రార్థన చదివేదాన్ని. ఈసారి నువ్వు రాసింది ఆయన చదువుతారు. అంతే తేడా. కానీ ఒక మాట. ఆ అంకెలు క్లినిక్కువి, మనుషులవి. నంబర్లే అయినా అడక్కుండా బయట పెట్టకు. ఒక్కొక్కరినీ అడుగు. అవును, నోటితోనే.

జిరాఫీ


పార్కు ఎదురిల్లు, పెరటి గది
ఆగస్టు 1

జిరాఫీకి,

అడిగాను. నలభై మందిలో నాన్నని వదిలేసి మిగతా అందరినీ. నాన్న అంకె ఎలాగూ ఆయనే ప్రతినెలా చప్పట్లయ్యాక ప్రకటిస్తారు. ఎనిమిది రోజులు పట్టింది. మొదటిరోజు ఒక్కరినే అడగగలిగాను, అది బాబాయి. "పెద్దక్షరాలతో రాయి" అన్నాడు. టైలరుగారి భార్య "నా అంకె రాస్తే రాశావు గానీ, నా పక్కింటావిడది నాకంటే తక్కువుంటే మాత్రం నాకు ముందే చెప్పు" అంది. ఇద్దరు వద్దన్నారు, వాళ్లవి వదిలేశాను.

జాబితా ఒక పేజీ. గ్లాసులు ఎక్కువున్నవాళ్లు పైన, తక్కువున్నవాళ్లు కింద. నంబరు, రోజుకి గ్లాసులు, షుగర్. అడుగున నీ రిపోర్టులోంచి ఒక్క వాక్యం. దాన్ని నాన్న హాజరు అట్టకి, రోజూ పెట్టే కాగితం మీద, క్లిప్పు కింద పెట్టాను. షీల్డు ఇచ్చేరోజు అది.

అందరూ వరసలో నిలబడ్డారు. షీల్డు కుళాయి గట్టు మీద ఉంది. నాన్న అట్ట తీసుకుని, కాగితం కొత్తగా ఉందని ఒక్క క్షణం చూసి, మొదలుపెట్టారు.

"ఒకటి! ఇరవై ఎనిమిది గ్లాసులు! రెండు వందల పద్నాలుగు!"

ఎవరో చప్పట్లు కొట్టారు, షీల్డు ప్రకటననుకుని.

"తొమ్మిది! ఇరవై రెండు గ్లాసులు! నూట తొంభై అయిదు! నాలుగు! ఇరవై గ్లాసులు! నూట డెబ్బై ఎనిమిది!"

అయిదారు నంబర్లయ్యేసరికి చప్పట్లు ఆగిపోయాయి. గ్లాసులు దిగుతున్నాయి, వాటి వెనకే షుగరూ దిగుతోంది. ఒకచోట రెండు అంకెలు అటూ ఇటూ అయ్యాయి గానీ, మెట్లు మెట్లే. పోస్ట్‌మాన్ తాతగారు చేతిలో ఉన్న గ్లాసు మెల్లిగా నేలమీద పెట్టారు. నాన్నకి అర్థమైందని ఆయన చెవులు ఎర్రబడటాన్ని బట్టి తెలిసింది. అయినా ఆపలేదు. గొంతు ఒక్క మెట్టు కూడా తగ్గలేదు. నువ్వు చెప్పింది నిజమే, వ్రతం. తన అంకెకి కూడా ఆయన తడబడలేదు.

"పదిహేడు! పన్నెండు గ్లాసులు! నూట..."

అక్కడ ఆగారు. కాగితం దగ్గరికి తెచ్చుకుని మళ్లీ చూశారు. జన్మలో మొదటిసారి ఆయన ఒక కాగితం చివరిదాకా చదవలేదు. ఈల నోట్లో పెట్టుకున్నారు. ఊపిరి చాలలేదు, తీసేశారు.

మేడమీంచి బాబాయి అరిచాడు: "నాది చదవలేదేం అన్నయ్యా? ఏడేళ్లకి ఒక్కసారి ఫస్టొచ్చాను!"

నాన్న కుళాయి దగ్గరికి నడిచారు, ఎడంకాలు కొంచెం ఈడుస్తూ, దాచుకోకుండా. పిడి విప్పారు. గట్టిగా బిగుసుకుపోయి ఉంది, పొక్కుల చేతులకి పట్టు దొరకలేదు. టైలరుగారి భార్య కొంగు ఇచ్చింది. విప్పి, ఈలతో పాటు జేబులో వేసుకున్నారు. తర్వాత రాతి పలక మీద తన తుండుగుడ్డ కప్పారు.

"వరస తిరుగు" అన్నారు. అరవలేదు, మామూలుగా అన్నారు. అయినా అందరూ తిరిగారు.

ఇప్పుడు క్లబ్బు రోజూ కింది వీధికి నడుస్తోంది. తలకో డబ్బా. రౌండుకో గ్లాసు పోయి, మనిషికో డబ్బా వచ్చింది. ఇన్‌స్పెక్టరుగారు పరగడుపున వచ్చారు, 171. నలభై ఒకటో నంబరు ఇచ్చాం. ఫారంలో రుచి గడి కొట్టేసి, చేత్తో "ఆర్సెనిక్" అని రాసి పై ఆఫీసుకి పంపారు. ఫారం పాడుచేసినందుకు సంజాయిషీ అడిగారట. కానీ బోరుకి తాళం వెయ్యమని అదే ఉత్తరంలో ఉంది. డాక్టరుగారు ఇప్పుడు వచ్చినవాళ్లందరికీ "నాకు మొదటినుంచీ నీళ్లమీదే అనుమానం" అంటున్నారు. పోస్టరు మాత్రం తియ్యలేదు, గోడమీద దాని వెనక పెచ్చులూడిపోయాయట.

నాన్నని పెద్ద డాక్టరుకి చూపించాం. కాలు నిలుస్తుందన్నారు, రోజూ చూసుకుంటూ ఉంటే. షుగర్ తగ్గుతుందో లేదో చెప్పలేమన్నారు. మందులు పెంచారు. ఆయన వాదించలేదు. పలక మీది గుడ్డ ఇంకా అలాగే ఉంది. తియ్యనా అంటే "ఎండకి ఉండనీ" అన్నారు. షీల్డు ఎవరికివ్వాలో తెలియక బాబాయి గదిలో పెట్టాం. దానిమీద బిస్కెట్లు పెట్టుకుంటున్నాడు.

నువ్వు మూడుసార్లు ఒక ప్రశ్న అడిగావు, నేను జవాబు రాయలేదు. రోజూ ఉదయం నాన్న రెండు డబ్బాల నీళ్లు మోసుకొస్తారు, మొన్నటిదాకా పార్కు కుళాయివే. ఒకటి వంటింట్లో దింపుతారు. రెండోది పెరటి గది గుమ్మం ముందు పెట్టి, ఏమీ అనకుండా, గ్లాసు బోర్లించి వెళ్లిపోతారు. పదిహేడో నంబరు నాది.

పురుగు